బొల్లోడి అక్కలు

అనగనగా అని మొదలుపెట్టాలి గానీ, పిల్లలూ, ఇది ఎన్నేళ్ళ కిందటి మాటో నాకు సరిగ్గా తెలియదు. తెలియనిది తెలిసినట్టు చెప్పడం నాకు ఇష్టం లేదు. పశువులు మనుషులతో ఇంకా మాట్లాడుతున్న కాలం అని మాత్రం చెప్పగలను.

ఆ కాలంలో ఒక కొండ కింద, పచ్చిక బయళ్ళ నడుమ, జున్నుపాడు అనే పల్లె ఉండేది. జున్ను మీరు తిన్నారో లేదో! ఆవు ఈనిన కొత్తలో చిక్కటి పాలు ఇస్తుంది. వాటిలో బెల్లం, మిరియాల పొడి కలిపి ఆవిరి మీద ఉడికిస్తే మెత్తగా గడ్డకడుతుంది. అదే జున్ను. ఒకప్పుడు ఆ పల్లెలో ఏ ఇంట ఆవు ఈనినా గడపగడపకూ గిన్నెడు జున్ను వెళ్ళేది. పల్లెకు ఆ పేరు అలా వచ్చింది.

ఈ కథ జరిగేనాటికి పేరు మిగిలింది. జున్ను మిగల్లేదు.

ఎందుకంటారా? జున్నుపాడు మందకంతటికీ ఒకటే ఆంబోతు. అక్కడ పుట్టే ప్రతి దూడకూ అదే తండ్రి. దాన్ని ఎంచే పని మందపెద్దది. ఎంచి, దాని మెడలో కంచు గంట కట్టి మందలోకి వదిలేవాడు. ఒకసారి కట్టిన గంటను మళ్ళీ విప్పకూడదని వాళ్ళ కట్టుబాటు.

పాత మందపెద్ద గురవన్న కోడెను ఎలా ఎంచాడో తెలుసా? దూరం నుంచి ఒక్కసారి చూశాడు. ఏనుగు గున్నలా ఉంది. మూపురం గుడి గోపురంలా ఉంది. "ఇదే! ఇక చూడక్కర్లేదు. ఖాయం!" అన్నాడు. గంట కట్టేశాడు.

ఆ ఆంబోతుకు పెయ్యలు పుట్టాయి. పెరిగాయి. ఈనాయి. అప్పటికి గాని సంగతి తెలియలేదు. ఒళ్ళు చూస్తే నిగనిగ, నడక చూస్తే రాజసం, పొదుగు పితికితే మాత్రం చెంబెడు పాలు. ఆ చెంబులోనే దూడకు వదలాలి. ఇంట్లో పిల్లలకు పలచటి మజ్జిగే గతి అయింది.

గురవన్న పోయాడు. ఆంబోతు ముసలిదై పోయింది. మందపెద్ద కర్ర గురవన్న తమ్ముడి కొడుకు బయ్యన్న చేతికి వచ్చింది.

బయ్యన్న మంచివాడు. కానీ ఏదీ ఒక పట్టాన తేల్చుకోలేడు. తికమక పడినప్పుడల్లా తలపాగా విప్పి మళ్ళీ చుట్టుకునేవాడు. ఆ అలవాటు వల్ల ఆ తలపాగా సరిగ్గా నిలిచిన రోజు లేదు.

బయ్యన్న తమ్ముడు సింగన్న అలా కాదు. ముక్కుసూటి మనిషి. ఒకరోజు ఎడ్లబండిని వాకిట్లోకి లాగి, దాని మీద చాపలు, మూకుళ్ళు, కుండలు సర్దేశాడు.

"అన్నా, చెబుతున్నా విను. నా పిల్లలు పాలరుచి మరిచిపోయారు. ఇప్పుడు నువ్వు ఎంచబోయే కోడె కూడా పాతదానిలాంటిదే అయితే నేను ఈ పల్లెలో ఉండను. నేను కదిలితే నా వెనక ఇంకా పది బండ్లు కదులుతాయి. జున్నుపాడులో నువ్వూ, నీ తలపాగా మిగులుతారు."

బయ్యన్న తలపాగా విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు. పల్లె నిలవాలన్నా, చెదిరిపోవాలన్నా అంతా ఇప్పుడు ఒక్క కోడె మీదే ఉంది. ఆ కోడె మంచిదో కాదో తెలియాలంటే దానికి కూతుళ్ళు పుట్టి, పెరిగి, ఈనాలి. అప్పటికి అన్నీ అయిపోయి ఉంటాయి!

తొలకరి లోపు గంట కట్టాలి. చుట్టుపక్కల మందల వాళ్ళు మూడు కోడెలను తోలుకొచ్చారు.

మొదటిది ధవళరాజు. వెన్నలా తెల్లన. రెండోది అరుణుడు. ఎర్రటి రాగిచెంబులా మెరుస్తోంది. దాన్ని తోలుకొచ్చినవాడు ఏటి ఒడ్డున పెద్ద మంద ఉన్న వరహాల శెట్టి. మూడోదాన్ని పైమెట్ట వాళ్ళు పంపారు. బక్కగా, నుదుటి మీద తెల్లటి మచ్చతో ఉంది. మచ్చ ఉంది కాబట్టి దాన్ని బొల్లోడు అన్నారు. అంతకు మించి పేరు పెట్టడానికి ఎవరూ ఆలోచించలేదు.

పల్లెంతా గుమిగూడింది. బయ్యన్న మూడింటి చుట్టూ మూడుసార్లు తిరిగాడు. తలపాగా విప్పాడు.

"మగ పశువుకు పొదుగు ఉండదు. పాలు ఇవ్వదు. పాలివ్వని దానిలో పాలెన్ని ఉన్నాయో చూడమంటే ఎలా చూసేది?" అని తనలో తాను గొణుక్కున్నాడు.

పిల్లలూ, ఈ మాట నన్నూ చాలాకాలం తికమక పెట్టింది. ఆంబోతు పాలు ఇవ్వదు, నిజమే. కానీ తన తల్లి వైపు నుంచీ, తండ్రి వైపు నుంచీ వచ్చిన పాడి గుణాన్ని ఒంట్లో దాచుకుని కూతుళ్ళకు అందిస్తుంది. ఆ దాచుకున్నది పైకి కనిపించదు. చిక్కంతా అక్కడే.

"ఏమయ్యా బయ్యన్నా," అన్నాడు ధవళరాజు, "నన్ను చూశాక కూడా ఇంకా ఎవరిని చూస్తావు? ఈ మూపురం చూడు. మెడ కింద ఈ గంగడోలు చూడు. పక్క నుంచి చూడు. వెనక నుంచి అయితే ఇంకా బాగుంటాను."

"బాగానే ఉన్నావు," అన్నాడు బయ్యన్న. "పాతదీ ఇలాగే బాగుండేది. అదే నా భయం."

"నన్ను చూడకు, మా అమ్మను చూడు," అన్నాడు అరుణుడు. "పూటకు ఒక నిండు కడవ. కావాలంటే మా శెట్టిగారిని అడుగు."

"అడగడం దేనికి, నేనే చెబుతున్నాగా!" అన్నాడు వరహాల శెట్టి. "మా ఇంటి ఆవు పాలు పితికితే చేతులు నొప్పి పుట్టి మనిషిని మార్చాలి. గంట తెప్పించు బయ్యన్నా. ఈ ఎండలో నన్ను నిలబెట్టకు."

బయ్యన్న బొల్లోడి దగ్గరికి వచ్చాడు. అది అప్పటికే వేలాడుతున్న తలపాగా కొసను నములుతోంది.

"నీ సంగతేమిటి?"

"నాకు తెలియదు," అన్నాడు బొల్లోడు.

"తెలియదంటే?"

"నేనెప్పుడూ పాలిచ్చి చూసుకోలేదు కదా."

అందరూ గొల్లుమన్నారు. బయ్యన్నకు మాత్రం నవ్వు రాలేదు.

"పోనీ, మీ అమ్మ ఎన్ని పాలిచ్చేది?"

"కొలిచినవాళ్ళు లేరు. నేనే తాగేశాను."

"మరి నిన్ను ఏం చూసి ఎంచమంటావురా?"

బొల్లోడు తలపాగా కొసను వదిలాడు. "మా నాన్నకు పుట్టిన పెయ్యలు చాలా ఉన్నాయి. నాకు అక్కలవుతారు. పెళ్లికూతుళ్ళ వెంట అరణంగా ఎక్కడెక్కడికో వెళ్ళారు. నాలో దాగింది వాళ్ళలో కొంచెం బయటపడి ఉంటుంది. వాళ్ళను చూసి రా. ఆ తర్వాత నువ్వే నాకు చెప్పు, నాలో ఏముందో!"

ఆ మందల వాళ్ళకు ఒక ఆచారం ఉండేది. పెళ్లయి వెళ్ళే ఆడపిల్ల వెంట పుట్టింటివారు ఒక పెయ్యను తోలి పంపేవారు. కొత్త ఇంట్లో ఆ పిల్లకు తనదంటూ ఒక తోడు ఉండాలని. దాన్ని అరణపు ఆవు అనేవారు. అలా ప్రతి ఆంబోతు కూతుళ్ళూ ఊరూరా చెదిరి ఉండేవారు.

వరహాల శెట్టి పొట్ట పట్టుకుని నవ్వాడు. "కోడెను ఎంచడానికి కోడె అక్కలకు పెళ్లిచూపులా! వెళ్ళు బయ్యన్నా, వెళ్ళు. పళ్ళూ తమలపాకులూ పట్టుకెళ్ళు."

"వెళ్తాను శెట్టిగారూ," అన్నాడు బయ్యన్న. "కానీ ఒక్కడి అక్కలనే చూస్తే మిగతా ఇద్దరికీ అన్యాయం. ముగ్గురి అక్కలనూ చూస్తాను."

వస్తున్నానని ముందుగా కబురు పంపాడు. చెప్పాపెట్టకుండా వెళ్ళడం మర్యాద కాదని అతని నమ్మకం. అదే అతను చేసిన పొరపాటు. అది తర్వాత చెబుతాను.

మొదట ధవళరాజు అక్కను చూడటానికి కాలువ పక్కన ఉన్న ఊరికి వెళ్ళాడు. పుట్టింటికి దగ్గరి ఊరి మనిషి వచ్చాడని కోడలు పిల్ల పరుగున వచ్చి కాళ్ళకు నీళ్ళిచ్చింది.

"మా అరణపు ఆవు సంగతా బాబాయ్! కడవ నిండి పాలు నేల మీద పొర్లుతాయి!"

లోపల నుంచి అత్తగారి గొంతు వినిపించింది. "పొర్లేది పాలు కాదన్నయ్యా! ఆ ఆవు తన్నే తన్నుకు మా కోడలే పొర్లుతుంది!"

బయ్యన్నకు ఏమీ అర్థం కాలేదు. ఎవరి మాట నమ్మాలి? అరణపు ఆవును తక్కువ చేసి మాట్లాడితే పుట్టింటి పరువు పోతుందని కోడళ్ళ భయం. దాన్ని పొగిడితే కోడలు నెత్తికెక్కుతుందని అత్తల భయం. ఏ ఇంట చూసినా ఇదే వరస. అందుకని బయ్యన్న ఇద్దరి మాటా పక్కన పెట్టి, పాలు పితికే వేళకు దొడ్లో కూర్చున్నాడు. కడవలో సగానికి పాలు వచ్చాయి.

తర్వాత అరుణుడి అక్క ఉన్న ఊరికి వెళ్ళాడు. అది శెట్టిగారి వియ్యాలవారి ఇల్లు. దొడ్డి చూస్తే పెళ్లిపందిరిలా ఉంది. "పూటకో కడవ పెదనాన్నా!" అంది కోడలు. "కడవ నిండేది నీళ్ళు కలిపాకే కదా!" అంది అత్త. బయ్యన్న దొడ్లో కూర్చుని చూశాడు. నీళ్ళ చుక్క కలపకుండానే కడవ నిండింది.

చివరికి బొల్లోడి అక్క కోసం పైమెట్ట మీది రాళ్ళ ఊరికి ఎక్కాడు. అక్కడ గడ్డి కన్నా గులకరాళ్ళు ఎక్కువ. కోడలు పిల్ల పొగిడింది. అత్తగారు పెదవి విరిచింది. "ఏదో ఉంది లే అన్నయ్యా. కోడలి వెంట వచ్చింది కాబట్టి కట్టేసుకున్నాం." అక్కడ కడవలో సగానికి కొంచెం పైకి వచ్చాయి పాలు.

బయ్యన్న కొండ దిగి వచ్చాడు. అరుణుడి అక్కకు నిండు కడవ. బొల్లోడి అక్కకు సగానికి కొంచెం పైన. ధవళరాజు అక్కకు సగం. లెక్క తేలిపోయింది. అయినా తలపాగా ఎందుకు నిలవడం లేదో అతనికి తెలియలేదు.

"ఇంకా ఏమిటయ్యా?" అంది భార్య పోలమ్మ. "కళ్ళారా చూసి వచ్చావు కదా."

"చూశాను. చూసిందే చెబుతున్నాను. కానీ ఏదో చూడకుండా వచ్చానని లోపల పీకుతోందే. అదేమిటో తెలియడం లేదు."

మర్నాడు పొద్దున్నే పల్లె అంతా పోగయింది. వరహాల శెట్టి కొత్త ఉత్తరీయం వేసుకుని వచ్చాడు. అరుణుడి కొమ్ములకు పసుపు పూశారు. బయ్యన్న చేతికి కంచు గంట అందించారు.

అంతలో వెనక నుంచి పిల్లల గొడవ. సింగన్న కూతురు చిట్టెమ్మ, బయ్యన్న మనవరాలు లచ్చి కీచులాడుకుంటున్నారు.

"నేనే పొడుగు!" అంటోంది లచ్చి.

"కాదు, నేను!"

"చూడు, నీ తల నా భుజం దగ్గరికి కూడా రాలేదు!"

"అరుగు ఎక్కి నిలబడ్డావు కాబట్టి రాలేదు! దమ్ముంటే దిగి రావే!"

పోలమ్మ నవ్వి మనవరాలిని రెక్క పట్టి కిందికి దింపింది. "ఇద్దరూ ఒకే నేల మీద వీపుకు వీపు ఆనించి నిలబడండి. అప్పుడు చెబుతాను." నిలబడ్డారు. చిట్టెమ్మే జానెడు పొడుగు. లచ్చి మూతి ముడుచుకుంది.

బయ్యన్న చేతిలో గంట గణగణమంది. అతను ఉలిక్కిపడి పిల్లల వైపు తిరిగాడు.

"ఆగండి," అన్నాడు.

"మళ్ళీ ఏమిటయ్యా?" అన్నాడు వరహాల శెట్టి.

"శెట్టిగారూ, మీ దొడ్లో పశువులకు ఏం పెడతారు?"

"ఏం పెడతామా? పత్తిగింజలు, తెలగపిండి, నానబెట్టిన ఉలవలు. మా పశువులు మనుషుల కన్నా బాగా తింటాయి!"

"అవునవును, మీ పాలేర్లను చూస్తే తెలుస్తుంది," అన్నాడు సింగన్న. జనం నవ్వారు.

"మీ వియ్యాలవారి ఇంట?"

"వాళ్ళు మాకేమీ తీసిపోరు."

"మరి పైమెట్ట మీద?"

ఆ వైపు నుంచి వచ్చిన మనిషి తల గోక్కున్నాడు. "ఎండు చొప్ప పెద్దన్నా. అదీ ఉన్న రోజుల్లో."

బయ్యన్న గంటను నేల మీద పెట్టేశాడు. "అయ్యో, ఎంత పని చేయబోయాను! నేను కొలిచింది అక్కలను కాదు. వాళ్ళు నిలబడ్డ అరుగులను కొలిచి వచ్చాను!"

జనానికి అర్థం కాలేదు. శెట్టికి అసలు అర్థం కాలేదు. "పిల్లల ఆటకూ ఆంబోతుకూ సంబంధం ఏమిటయ్యా? నిండు కడవ నిండు కడవే. సగం సగమే!"

"శెట్టిగారూ, మీ వియ్యాలవారి దొడ్లో మిగతా ఆవులు ఎన్ని పాలిస్తున్నాయో నేను చూడలేదు. పైమెట్ట దొడ్లో పక్క ఆవులు ఎన్ని ఇస్తున్నాయో కూడా చూడలేదు. ఒకే గాడిలో మేసి, ఒకే తొట్టిలో కుడితి తాగిన ఆవుల పక్కన పెట్టి చూస్తే తప్ప ఏది పొడుగో తెలియదు. నేను మళ్ళీ వెళ్ళాలి."

"తొలకరి వచ్చేస్తోంది అన్నా," అన్నాడు సింగన్న. వాకిట్లో సర్దిన బండి అలాగే ఉంది.

"తెలుసురా. అందుకే ఇప్పుడే వెళ్తున్నాను."

ఈసారి కబురు పంపలేదు. ప్రతి ఇంటికీ పాలు పితికే వేళకు వెళ్ళి నిలబడ్డాడు.

కాలువ పక్క ఊళ్ళో ధవళరాజు అక్క పోయినసారి ఇచ్చిన దాంట్లో సగమే ఇచ్చింది. కోడలు పిల్ల తల దించుకుంది. "మీరు వస్తున్నారని ముందు నుంచీ తవుడూ బెల్లమూ పెట్టి మేపాను బాబాయ్. నన్ను తప్పు పట్టకండి." పక్క ఆవులు దాని కన్నా ఎక్కువే ఇస్తున్నాయి.

శెట్టిగారి వియ్యాలవారి ఇంట అరుణుడి అక్క ఎప్పటిలా కడవ నింపింది. బయ్యన్న కదల్లేదు. "మిగతావి కూడా పితకండి, చూస్తాను," అన్నాడు. పక్క ఆవు పాలు కడవ నిండి ముంతలోకి కూడా వచ్చాయి. ఆ పక్కది కూడా అంతే. ఆ దొడ్లో అందరికన్నా తక్కువ పాలు అరుణుడి అక్కవే!

రాళ్ళ ఊళ్ళో అత్తగారు తన ఇంటి ఆవులను ముందు పితికించింది. "ఇది మా పెద్దావు అన్నయ్యా, మహా పాడి." చెంబు నిండలేదు. "ఇది దాని కూతురు." అదీ అంతే. చివరికి బొల్లోడి అక్క వంతు వచ్చింది. దూడను వదలగానే చేపి పొదుగులోకి పాలు దింపింది. చెంబు నిండింది, ముంత నిండింది, కడవ సగం దాటింది. అదే ఎండు చొప్ప. అదే కుడితి.

అత్తగారు కడవను ఒకసారి ఎత్తి చూసింది. ఆపైన, "మా ఊరి నీళ్ళు దానికి పడ్డాయి," అంది. కోడలు పిల్ల కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

పిల్లలూ, కథ ఇక్కడ అయిపోతే ఎంత బాగుండేది! కానీ బయ్యన్నకు ఇంకో అనుమానం వచ్చింది. ఒక్క అక్కను చూసి మిగతా వాళ్ళంతా అంతే అనుకుంటే ఎలా? ఒకే తల్లి కడుపున పుట్టిన పిల్లల్లోనే ఒకరు పొడుగు, ఒకరు పొట్టి. అందుకని ముగ్గురి అక్కలూ ఇంకా ఎక్కడెక్కడ ఉన్నారో కనుక్కుని అక్కడికల్లా నడిచాడు.

నడిచిన కొద్దీ తికమక పెరిగింది. ఒక ఊళ్ళో బొల్లోడి అక్క పక్క ఆవుల కన్నా తక్కువ ఇచ్చింది. ఇంకో ఊళ్ళో అరుణుడి అక్క దొడ్లో అన్నిటినీ మించింది. న్యాయంగా చెప్పాలి కదా, ధవళరాజు అక్కల్లో కూడా ఒకతి మహా పాడిగలది దొరికింది. బయ్యన్న దారి పక్కన కూలబడ్డాడు. తలపాగా విప్పి ఒళ్ళో పెట్టుకున్నాడు. చాలాసేపు దాన్ని చుట్టుకోవడం మరిచిపోయాడు.

ఆలోచించగా ఆలోచించగా ఒకటి మాత్రం కనిపించింది. బొల్లోడి అక్కలు ఉన్న దొడ్లలో ఎక్కువ చోట్ల పక్క ఆవుల కన్నా వాళ్ళదే పైచెయ్యి. మిగతా ఇద్దరి అక్కలకూ ఎక్కువ చోట్ల పక్క ఆవులతో సమానం, లేదా తక్కువ. అన్ని చోట్లా కాదు. ఎక్కువ చోట్ల.

తొలి చినుకు పడే రోజుకు పల్లెకు చేరాడు. జనం మళ్ళీ మూగారు. బయ్యన్న గంట తీసుకుని నేరుగా వెళ్ళి బొల్లోడి మెడలో కట్టాడు.

వరహాల శెట్టి ముఖం ఎర్రబడింది. "ఈ బక్కదానికా! దీన్ని చూస్తే గాలికి ఎగిరిపోయేలా ఉంది. సరే, ఖాయమేనా? దీని కూతుళ్ళు పాలిస్తారని అందరి ముందూ మాటివ్వు!"

బయ్యన్న కళ్ళు మూసుకుని తెరిచాడు. "ఇవ్వలేను శెట్టిగారూ. ఖాయం కాదు. ఎక్కువమంది కూతుళ్ళు మంచి పాడి ఇస్తారని నా నమ్మకం. కొందరు ఇవ్వకపోవచ్చు. నేను చూసింది ఇంతే. చూడనిది చెప్పలేను."

జనంలో గుసగుసలు బయలుదేరాయి. "మందపెద్దే ఖాయం కాదంటే ఎలా?" అన్నారు కొందరు. అందరూ సింగన్న వైపు చూశారు. అతను బండి కడతాడా, కట్టడా?

సింగన్న జనాన్ని తప్పించుకుని ముందుకు వచ్చాడు.

"అన్నా, పెదనాన్న దూరం నుంచి ఒక్కసారి చూసి ఖాయమన్నాడు. నువ్వు కాళ్ళు అరిగేలా ఊళ్ళన్నీ తిరిగి వచ్చి ఖాయం కాదంటున్నావు. నాకు ఎందుకో ఇప్పుడే ధైర్యంగా ఉంది. దీని మొదటి కూతురు ఈనేదాకా ఉంటాను. బండి మీది సామాను మాత్రం దింపను."

ధవళరాజునూ అరుణుణ్ణీ వాళ్ళవాళ్ళు తోలుకుపోయి నాగలికి కట్టారు. వాటి గురించి దిగులు పడకండి. ధవళరాజు అంత చక్కని దుక్కిటెద్దు ఆ చుట్టుపక్కల లేడు. చేలో ఉన్నవాళ్ళంతా తననే చూస్తున్నారని అతనికి ఎప్పుడూ సంతోషమే. అరుణుడు మాత్రం వాళ్ళ అమ్మ కడవ గురించి చెప్పడం మానలేదు.

వానాకాలాలు వచ్చాయి, పోయాయి. బొల్లోడి పెయ్యలు పుట్టాయి. బక్కగానే ఉన్నాయి. చూసినవాళ్ళు పెదవి విరిచారు. బయ్యన్నకు అన్నం సయించేది కాదు. సింగన్న బండి వాకిట్లోనే ఉంది. దాని మీది మూకుడులో ఒక కోడి గుడ్లు పెట్టడం మొదలుపెట్టింది.

ఒకనాటి ఉదయం సింగన్న ఇంట్లోనే బొల్లోడి మొదటి కూతురు ఈనింది. పల్లెంతా దొడ్డి చుట్టూ నిలబడింది. పోలమ్మ మరిదికి ఒకటే మాట చెప్పింది. "మరిదీ, పక్కన ఉన్న, ఈమధ్యే ఈనిన పాత ఆవును కూడా పితుకు. రెండు కడవలూ ఒకే నేల మీద పెట్టు."

పెట్టారు. పాత ఆవు కడవలో పాలు అడుగున ఉన్నాయి. బొల్లోడి కూతురి కడవలో మెడ దాకా ఉన్నాయి.

జనం కడవల చుట్టూ మూగారు. చిట్టెమ్మా లచ్చీ కడవలోకి తొంగిచూసి, ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకున్నారు. చిట్టెమ్మ అడిగింది, "నాన్నా, జున్ను అంటే ఇదేనా?"

సింగన్న కూతురి తల నిమిరాడు. వాకిట్లోకి వెళ్ళాడు. కోడిని మెల్లగా పక్కకు తప్పించాడు. ఇన్నేళ్ళుగా బండి మీద ఉన్న చాపలూ, కుండలూ ఒక్కొక్కటే దింపి ఇంట్లో పెట్టాడు. సాయంత్రం ఆ బండికే ఎద్దులను కట్టి, జున్ను గిన్నెలు పేర్చి, గడపగడపకూ తోలాడు.

తర్వాత బొల్లోడి కూతుళ్ళు ఒకదాని వెనక ఒకటి ఈనాయి. ఎక్కువ వాటికి మంచి పాడి వచ్చింది. అన్నిటికీ కాదు. ఒకతి పితకబోయినవాళ్ళను తన్ని, చెంబెడే ఇచ్చింది. బయ్యన్న ముందే చెప్పాడు కాబట్టి ఎవరూ గోల చేయలేదు.

ఒకసారి బయ్యన్న బొల్లోడి మెడ నిమురుతూ అడిగాడు. "ఏరా, నీలో ఇంత పాడి ఉందని నీకు నిజంగా తెలియదా?"

"ఇప్పటికీ తెలియదు," అన్నాడు బొల్లోడు. "వెళ్ళి చూసి వచ్చింది నువ్వు కదా." అని బయ్యన్న తలపాగా కొస అందుకోబోయాడు. అందలేదు. ఆ రోజు అది గట్టిగా చుట్టి ఉంది.

కాబట్టి పిల్లలూ, ఎవరి విలువైనా తెలుసుకోవాలంటే వాళ్ళు ఎక్కి నిలబడ్డ అరుగును కాక, ఒకే గాడి మేత తిన్నవారి పక్కన వాళ్ళను నిలబెట్టి చూడాలి. అప్పటికీ తెలియనిది మిగిలితే తెలియదని నిజం చెప్పాలి.